లేబుల్ దాచి వైన్ రుచి చూద్దాం: ఇంట్లో ఎనిమిది మందితో ఎలా చేయాలి

మన ఊళ్లలో "వైన్స్" అని బోర్డున్న షాపులో వైన్ తప్ప అన్నీ ఉంటాయి. ఉన్న నాలుగైదు సీసాలూ పై అరలో దుమ్ము కొట్టుకుపోయి నిలబడి ఉంటాయి. కాబట్టి వైన్ కొనేటప్పుడు మనకు దొరికే ఆధారం రెండే: ధర, లేబుల్ మీది బొమ్మ. ఆ రెండూ కనబడకుండా చేసి, నోట్లో ఉన్నదేమిటో చెప్పమంటే అప్పుడు మొదలవుతుంది అసలు ఆట. 1976 మే 24న పారిస్‌లో వైన్ షాపు నడిపే ఇంగ్లీషువాడు స్టీవెన్ స్పరియర్ ఇలాగే లేబుళ్లు దాచి ఫ్రెంచ్ నిపుణుల ముందు గ్లాసులు పెట్టాడు. తెల్ల వైన్‌లోనూ, ఎర్ర వైన్‌లోనూ మొదటి స్థానం కాలిఫోర్నియా సీసాలకే వచ్చింది. లేబుల్ కనబడితే ఆ మార్కులు అలా పడేవి కావు.

దీనికి నిపుణులు అక్కర్లేదు. కావలసింది ఒక సాయంత్రం, అయిదు సీసాలు, ఎనిమిది మంది. ఆరుగురికి తగ్గితే మార్కులు కూడి లాభం లేదు, పది దాటితే పోయడంతోనే సరిపోతుంది. అందరికీ 21 నిండి ఉండాలి, తెలుగు రాష్ట్రాల్లో చట్టం అదే. ఎవరు ఎలా ఇంటికి వెళ్తారో కూడా పిలిచేటప్పుడే తేల్చుకోండి.

ఏం కొనాలి

మొదటిసారి చేసే పెద్ద తప్పు: ఒక తెలుపు, ఒక గులాబీ రంగుది (రోజే), ఒక తియ్యటి పోర్ట్, రెండు ఎరుపు కలిపి పెట్టడం. అప్పుడు పోల్చడానికి ఏమీ ఉండదు. తియ్యటిది వచ్చేసరికి మిగతావన్నీ పుల్లగా తోస్తాయి, ఆట అక్కడితో చెడిపోతుంది. ఒకే ద్రాక్ష తీసుకుని వేర్వేరు చోట్ల పండినవి పెట్టండి. ఎరుపులో కాబర్నే సోవిన్యాన్ మంచి ఎంపిక, రుచి గట్టిగా ఉంటుంది, సీసాలూ సులువుగా దొరుకుతాయి. ఒకటి నాసిక్‌ది (సులా), ఒకటి మహారాష్ట్రలోనే ఉన్న అక్లూజ్‌ది (ఫ్రాటెల్లి), ఒకటి హంపి కొండల దగ్గరిది, ఒకటి చిలీది, వీలైతే ఫ్రాన్స్‌లోని బోర్డోది ఒకటి. హంపి తోటకు మనవాళ్లతో సంబంధం ఉంది: హైదరాబాద్‌కి చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు పెట్టిన క్రిస్మా అది. బోర్డో కొనేటప్పుడు ఒక మాట: అక్కడ కాబర్నేని మెర్లో అనే ఇంకో ద్రాక్షతో కలపడం మామూలు, చౌక సీసాల్లో మెర్లోదే పైచేయి. షాపువాడిని అడిగి, కాబర్నే ఎక్కువ ఉండే మెడోక్ వైపుది తీసుకోండి.

ధరల్లో తేడా ఉండాలి. అన్నిటికన్నా ఖరీదైనది చౌకదానికి కనీసం రెండింతలుండేలా చూడండి, లేకపోతే చివర్లో ఆశ్చర్యపోవడానికి ఏమీ మిగలదు.

సీసాలు ఏసీ ఉన్న పెద్ద షాపులోనే కొనండి. మే నెలలో రేకుల కప్పు కింద ఆరు నెలలు నిలబడ్డ వైన్ ఉడికిపోయి ఉంటుంది. గుర్తుపట్టడానికి మూడు చోట్ల చూడండి: మూత అంచు పైకి ఉబ్బిందా, మెడ చుట్టూ జిగట చార ఉందా, వైన్ మట్టం పక్క సీసాకన్నా దిగి ఉందా. ఏ ఒక్కటి ఉన్నా వద్దు. సంవత్సరం కూడా చూడండి. మన దేశంలో వైన్ ద్రాక్ష కోత దాదాపు జనవరి నుంచి మార్చి దాకా, కాబట్టి లేబుల్ మీద ఉన్న ఏడాది మొదట్లోనే కోసిన పంట అది. తెల్ల వైన్ అయితే ఒకటి రెండేళ్లలోపుదే తీసుకోండి. వేరే రాష్ట్రం నుంచి తెచ్చుకోవాలనుకుంటే ముందు ఎక్సైజ్ నియమాలు కనుక్కోండి.

సీసాలు అయిదే, కానీ బల్ల మీద ఆరు నంబర్లు ఉంటాయి. ఆరోది ఈ అయిదింటిలో ఒకటే, రెండోసారి. ఈ విషయం అందరికీ ముందే చెప్పండి, ఏది రెండుసార్లు వస్తోందో మాత్రం చెప్పకండి. నా లెక్కలో సాయంత్రం మొత్తానికీ విలువైన భాగం ఇదే. ఒకే వైన్‌కి తానే ఒకసారి ఒకటో స్థానం, ఇంకోసారి అయిదో స్థానం ఇచ్చానని తెలిసినవాడు ఆ తర్వాత వైన్ గురించి కాస్త మెల్లగా మాట్లాడతాడు.

దాచడం

కాగితం సంచిలో సీసా పెట్టి మెడకు టేపు చుట్టడం అందరూ చేసే పద్ధతి. పనికొస్తుంది గానీ చిల్లులెక్కువ. సీసా భుజాలు నిటారుగా ఉన్నాయా, వాలి ఉన్నాయా అన్నది సంచిలోంచి కూడా తెలుస్తుంది. మర మూతా, బెండు మూతా అన్నది మెడ చూస్తే తెలుస్తుంది. ఇక బరువు ఉంది చూశారూ, ఖరీదైన వైన్‌ని మందపాటి గాజులో పోస్తారు, ఎత్తగానే చెయ్యి చెప్పేస్తుంది.

అంతకన్నా మంచిది, వైన్‌ని వేరే సీసాల్లోకి మార్చడం. ఒకేలాంటి గాజు నీళ్ల సీసాలు ఆరు, లీటరువి, తీసుకోండి. వేడినీళ్లతో కడిగి, బోర్లించి ఆరబెట్టండి. ప్లాస్టిక్ వద్దు. పాత పచ్చడి సీసా ఎంత తోమినా వద్దు, దాని మూతలో ఆవపిండి వాసన తరతరాలు ఉంటుంది. రెండుసార్లు వచ్చే వైన్‌ని రెండు సీసాల్లోకి సగం సగం పోయండి. అన్నిటినీ మార్చడం వల్ల అన్నిటికీ ఒకే తీరుగా గాలి తగులుతుంది. ఆ ఒక్కదాన్నే మార్చి మిగతావి సంచుల్లో ఉంచితే, దాని వాసన మాత్రమే విచ్చుకుని మోసం చేస్తుంది.

పిలిచినవాళ్లు కూడా ఆడాలంటే ఇద్దరి సాయం కావాలి. మొదటి మనిషి వంటింట్లో ఒక్కరే ఉండి వైన్లు మారుస్తారు, సీసా అడుగున చిన్న స్టిక్కర్ మీద అ, ఆ, ఇ అని రాస్తారు, ఏ అక్షరం ఏ వైనో కాగితం మీద రాసి మడిచి జేబులో పెట్టుకుని, ఖాళీ సీసాలు బీరువాలో పెట్టి బయటికి వస్తారు. తర్వాత రెండో మనిషి లోపలికెళ్లి సీసాలు అటూ ఇటూ మార్చి, మెడకు 1 నుంచి 6 దాకా నంబర్లు కడతారు. ఇప్పుడు ఏ ఒక్కరికీ పూర్తి సంగతి తెలియదు, ఇద్దరూ ఆడొచ్చు. బిరడాలు చెత్తబుట్టలో పైకి కనబడేలా పడేయకండి. అందరి కళ్లూ ముందు అక్కడికే వెళ్తాయి.

చల్లదనం

ఎర్ర వైన్‌ని గది వేడిమిలో తాగాలని ఎక్కడో చదివి, సీసా తెచ్చి అలాగే బల్ల మీద పెడతారు. ఆ మాటలోని గది యూరప్‌ది, అంటే 16 నుంచి 18 డిగ్రీలు. మన గది 30. ఆ వేడికి ఆల్కహాల్ ఘాటు ముక్కుకి కొట్టి మిగతా వాసనలన్నీ మూసుకుపోతాయి. 30 డిగ్రీల దగ్గరున్న ఎర్ర వైన్‌ని ఫ్రిజ్‌లో గంటన్నర ఉంచితే దాదాపు సరిగ్గా దిగుతుంది. తెల్ల వైన్లతో ఆడేటప్పుడు 8 నుంచి 10 డిగ్రీలు కావాలి, నాలుగైదు గంటలు పడుతుంది, ముందు రాత్రే పెట్టేయడం సుఖం. టైం లేకపోతే బకెట్‌లో ఐసూ నీళ్లూ సమానంగా పోసి గుప్పెడు కల్లుప్పు వేయండి: ఎరుపుకు పది నిమిషాల లోపు, తెలుపుకు ఇరవై. ఒట్టి ఐసు ముక్కల్లో గుచ్చితే సీసాకు అంటుకోదు, నీళ్లు ఉండాల్సిందే.

అన్నీ ఒకే చల్లదనంలో ఉండాలి, అది ముఖ్యం. ఒకటి ఫ్రిజ్ తలుపులోనూ ఒకటి లోపల వెనకాలా ఉంటే, మీరు పోల్చేది వైన్లను కాదు, ఫ్రిజ్ అరల్ని.

గది, గ్లాసులు

సాయంత్రం దీపం పెట్టి అగరువత్తి వెలిగించే ఇల్లయితే ఆ పూట వత్తి మానండి, లేదా మధ్యాహ్నమే కిటికీలు తీసి పెట్టండి. సాంబ్రాణి, కర్పూరం, దోమల చుట్ట, రూమ్ స్ప్రే, జడలో మల్లెపూలు, సెంటు, అన్నీ శత్రువులే. వంటింట్లో తిరగమోత పడితే ఇంకో అరగంట ఏమీ తెలియదు, కాబట్టి భోజనం ముందే వండి మూత పెట్టేయండి. ఏసీ వేసుకోండి, ఫ్యాను మాత్రం ఆపండి, గ్లాసులోంచి పైకొచ్చే వాసనను అది ముక్కుదాకా రానివ్వదు. పసుపు లైటు కింద ఎర్ర వైన్ ముదిరినట్టు కనిపిస్తుంది, తెల్ల లైటు వేయండి.

ఎనిమిది మందికి ఆరేసి గ్లాసులంటే 48. ఎవరింట్లోనూ ఉండవు. మనిషికి రెండు చాలు, రెండేసి వైన్లు పోస్తూ మూడు విడతల్లో ముగించవచ్చు. పైకి వెళ్లేకొద్దీ మూతి సన్నబడే కాడ గ్లాసులు మంచివి, అవి లేకపోతే అందరికీ ఒకే రకం గాజు గ్లాసులు. స్టీలు వద్దు, రంగు కనబడదు. గ్లాసుల్ని ముందురోజే నిమ్మ వాసన లేని సబ్బుతో కడిగి, ఆఖరున ఉత్త వేడినీళ్లతో తొలచండి. తర్వాత ఖాళీ గ్లాసులో ముక్కు పెట్టి చూడండి. తుడిచే గుడ్డ వాసనో, బీరువా చెక్క వాసనో వస్తే మళ్లీ కడగాలి. విడతకీ విడతకీ మధ్య నీళ్లతో కడగొద్దు, అడుగున మిగిలిన తడి తర్వాతి వైన్‌ని పలచన చేస్తుంది. రాబోయే వైన్‌నే ఒక చెంచాడు పోసి తిప్పి పారబోయండి.

మనిషికి 40 మి.లీ. పోయాలి. పెగ్ మెజర్‌తో నీళ్లు కొలిచి ఒక గ్లాసులో పోసి, ఆ మట్టం దగ్గర బయట చిన్న టేపు ముక్క అంటించండి, మిగతావి దాన్ని చూసి పోయవచ్చు. ఎనిమిది మందికి 320 మి.లీ. రెండుసార్లు వచ్చేది 640, సీసాలో ఉండేది 750, సరిపోతుంది. ఆరు గ్లాసులూ మింగేస్తే 240 మి.లీ., 13.5 శాతం ఆల్కహాల్ లెక్కన సుమారు రెండున్నర చిన్న పెగ్గుల విస్కీతో సమానం. నాలుగో గ్లాసుకే నాలుక మొద్దుబారుతుంది. అందుకే ఉమ్మేయాలి. మనవాళ్లకి ఇది మొహమాటం. తలా ఒక ముదురు రంగు పేపర్ కప్పు ఇచ్చి, అడుగున ఒక టిష్యూ మడిచి వేయండి, చిందదు, కనబడదు. మొదట ఇంటివాళ్లు ఉమ్మితే మిగతావాళ్లూ ఉమ్ముతారు.

బల్ల మీద ఇంకా ఉండవలసినవి: మనిషికి అరలీటరు నీళ్లు, తెల్ల ఎ4 కాగితం, పెన్ను, ఉప్పూ కారం తగలని మరమరాలు. నోరు శుభ్రం కావడానికి మరమరాల్ని మించింది లేదు, రొట్టెలో అయితే ఉప్పుంటుంది. చీజ్, జీడిపప్పు, మిర్చి బజ్జీ ఆట అయ్యాకే. కొవ్వు వగరును కప్పేస్తుంది, కారం ఆల్కహాల్ మంటను రెట్టింపు చేస్తుంది. గంట ముందు నుంచి కాఫీ, వక్కపొడి, పాన్, సిగరెట్ వద్దు. ఖాళీ కడుపుతోనూ రావద్దని చెప్పండి, నాలుగింటికి కాస్త పెరుగన్నం తింటే చాలు.

నాలుకను సిద్ధం చేయడం

పది నిమిషాల పని, కానీ ఇది చేసిన బృందానికీ చేయనిదానికీ చాలా తేడా ఉంటుంది. మూడు గ్లాసులు, ఒక్కొక్కటి 200 మి.లీ. మొదటిదానిలో ఒక టీస్పూను నిమ్మరసం. రెండోదానిలో పాలు లేని టీ, రెండు టీ బ్యాగులు పది నిమిషాలు నానబెట్టి చల్లార్చినది. మూడోదానిలో అర టీస్పూను పంచదార, అంటే సుమారు 2 గ్రాములు. అందరూ ఒక్కో గుక్క పుక్కిలించాలి.

ఇంగ్లీషులో వైన్ పుస్తకాలు చదివి భయపడేవాళ్లకు ఇక్కడ ఒక మంచి మాట. షడ్రుచుల్లో మనకు వగరు అని వేరే రుచే ఉంది. టానిన్ అంటూ వాళ్లు పేజీలు రాసేది దాని గురించే. పచ్చి అరటికాయ కొరికినప్పుడు, నేరేడు పళ్లు తిన్నాక, చిగుళ్ల మీద నాలుక జారకుండా పట్టేస్తుంది చూడండి, అదే. పులుపు కూడా పరాయిది కాదు. ద్రాక్షలోని ప్రధాన ఆమ్లం టార్టారిక్, చింతపండులో ఉండేదీ అదే. పులుపుకూ వగరుకూ తేడా తెలియక రెండిటినీ "ఘాటు" అనేస్తారు చాలామంది. పులుపుకు నోరూరుతుంది, వగరుకు నోరు ఎండుతుంది. నిమ్మనీళ్లూ టీ పక్కపక్కన పెట్టేది అందుకే.

పంచదార గ్లాసులో తీపి లీటరుకు 10 గ్రాములు. మామూలు డ్రై (తీపి తెలియని) వైన్‌లో 4 గ్రాముల లోపే. పండు వాసన గుప్పుమంటే మనసు దాన్ని తీపి అనుకుంటుంది. అనుమానమొస్తే ముక్కు మూసుకుని చప్పరించండి, తీపి నిజంగా ఉంటే అప్పుడూ ఉంటుంది.

ఒక గ్లాసు, మొదటి నుంచి చివరి దాకా

కాగితం మీద గ్లాసు వంచి అంచు చూడండి. ఊదా రంగుంటే లేతది, ఇటుక రంగుకు తిరిగితే వయసు పైబడింది. ఇక్కడ పది సెకన్లకు మించి ఆగొద్దు.

గ్లాసు కదపకుండా ఒకసారి వాసన చూడండి. తర్వాత కాడ పట్టుకుని, అడుగు బల్లకు ఆనించే గుండ్రంగా మూడుసార్లు తిప్పి మళ్లీ చూడండి. మొదట తోచిన వస్తువు పేరు రాసేయండి, అది అందంగా ఉండక్కర్లేదు. కాబర్నేలో తరచుగా దొరికేవి: పచ్చి క్యాప్సికం, చెక్కిన పెన్సిలు పొట్టు, నేరేడు లాంటి నల్ల పండు. యూకలిప్టస్ ఆకు నలిపిన వాసన కూడా కొన్నిటిలో ఉంటుంది. లవంగం, వనిల్లా, కొబ్బరి వస్తే అవి ద్రాక్షవి కావు, వైన్ ఉంచిన ఓక్ పీపావి. లవంగంలోని యూజినాలే కాల్చిన ఓక్ చెక్కలోనూ ఉంటుంది. షిరాజ్ అనే ఎర్ర వైన్ ద్రాక్షతో ఆడుతుంటే మిరియాల కోసం వెతకండి, అక్కడా నిజంగా రెండిటిలోనూ ఉన్నది ఒకే పదార్థం. ఇంగ్లీషు లేబుల్ మీది "గూస్‌బెర్రీ" మన ఉసిరికాయ మాత్రం కాదు, దాన్ని నమ్ముకుని సోవిన్యాన్ బ్లాన్ అనే తెల్ల వైన్‌లో ఉసిరి వెతికితే దొరకదు. అక్కడ జామకాయ వెతకండి.

ఇక నోట్లో. రెండు చెంచాలంత తీసుకుని, చిగుళ్లకూ బుగ్గలకూ తగిలేలా అయిదు సెకన్లు తిప్పండి. ఉమ్మండి. తల కొంచెం వంచి నోరు తెరిచి ఉంచితే ఎంత వేగంగా నోరూరుతోందో అంత పులుపు. నాలుకతో పై చిగుళ్లు రుద్దితే వగరు గరుకుగా ఉందో నున్నగా ఉందో తెలుస్తుంది. గొంతులో మంట ఆల్కహాల్‌ది. చివరిగా, పండు రుచి ఎన్ని సెకన్లు నిలిచిందో మనసులో లెక్కపెట్టుకోండి. మంటో వగరో మిగలడం లెక్కలోకి రాదు. 40 మి.లీ.కి ఇలా మూడు గుక్కలు వస్తాయి, నాలుగోదానికి మిగల్చకండి.

ఇంతసేపూ నిశ్శబ్దం. ఇది ఒక్కటే నేను కటువుగా చెప్పే నియమం. ప్రతి బృందంలోనూ అన్నీ తెలిసిన బావగారొకరు ఉంటారు. ఆయన "ఆహా, చాకొలెట్!" అన్నాడంటే మిగతా ఏడుగురి గ్లాసుల్లోనూ చాకొలెట్ పుడుతుంది. అందరూ రాయడం అయ్యాకే మాట్లాడాలి, అదీ అందరికన్నా తక్కువ తెలిసినవారితో మొదలుపెట్టి, బావగారితో ముగించాలి.

ఇంకో చిన్న ఏర్పాటు: నలుగురు 1 నుంచి 6కు, నలుగురు 6 నుంచి 1కి వెళ్లాలి. బాగా వగరున్న దాని తర్వాత వచ్చినది ఏదైనా మెత్తగా తోస్తుంది. వరస మార్చితే ఆ అన్యాయం రెండువైపులా సర్దుకుంటుంది.

లెక్క

వందకి మార్కులు వేయించకండి. ఒకరి 85 ఇంకొకరి 70తో సమానం, కూడితే అర్థం ఉండదు. స్థానాలు ఇప్పించండి, నచ్చినదానికి 1, నచ్చనిదానికి 6, సమానాలు ఒప్పుకోవద్దు. ఒక్కో వైన్‌కి ఎనిమిది మంది ఇచ్చిన స్థానాలు కూడండి. తక్కువ వచ్చినదే గెలిచినట్టు. అన్నిటినీ ఒకేలా ఇష్టపడితే ప్రతిదానికీ 28 వస్తుంది. ఒకదానికి 15, ఇంకోదానికి 40 వస్తే బృందానికి నిజంగా ఒక అభిప్రాయం ఉన్నట్టు. అన్నీ 25, 31 మధ్య తిరుగుతుంటే గెలిచినదాన్ని మరీ నెత్తిన పెట్టుకోకండి.

తెర తీసే ముందు ప్రతి ఒక్కరూ మూడు జవాబులు రాసి ఇవ్వాలి: రెండుసార్లు వచ్చినది ఏ రెండు నంబర్లు, అన్నిటికన్నా ఖరీదైనది ఏది, పరదేశం నుంచి వచ్చినవి ఏవి. తర్వాత ఆఖరి స్థానం నుంచి పైకి ఒక్కొక్క పేరే చదవండి, ధరలు అన్నీ అయ్యాక.

తేడా కొట్టేది ఎక్కడ

వైన్లు మార్చేటప్పుడే మొదటి మనిషి ఒక్కోదాన్ని ముక్కుతో పరీక్షించాలి. తడిసిన అట్టపెట్టె, వాన కారిన గోడౌన్ వాసన వస్తే బెండు చెడింది, ఎంతసేపు ఉంచినా పోదు. గోళ్ల రంగు లేదా వెనిగర్ వాసన ఉన్నా పక్కన పెట్టేయండి. కుళ్లిన గుడ్డు వాసన మాత్రం చూసి భయపడక్కర్లేదు, గాలి తగిలితే పోతుంది, పోకపోతే శుభ్రమైన రాగి చెంచాతో ఒకసారి కలపండి. చెడిన సీసా బదులు వాడటానికే అదే ద్రాక్షది ఆరో సీసా ఒకటి తెరవకుండా దగ్గర పెట్టుకోండి.

అందరూ తప్పు చెబితే ఆట పాడైందనుకోకండి. 2001లో అచ్చైన బోర్డో పరిశోధన ఒకటి ఉంది: తెల్ల వైన్‌లో ఎర్ర రంగు కలిపి 54 మంది విద్యార్థులకు ఇస్తే, వాళ్లు దానికి ఎర్ర వైన్ మాటలే వాడారు.

ఇంకా ఓపికుంటే, చివరన మూడు గ్లాసుల ఆట ఒకటి ఆడండి. రెండిటిలో ఒకే వైన్, మూడోదానిలో వేరేది, రెండిటి చల్లదనమూ ఒకటే. వేరుగా ఉన్నది ఏదో చెప్పాలి. ఊరికే గుడ్డిగా చెప్పినా మూడింట ఒకరికి సరిపోతుంది. కాబట్టి ఎనిమిది మందిలో ముగ్గురు, నలుగురు సరిగ్గా చెప్తే అది అదృష్టమే అనుకోవచ్చు. అయిదుగురంటే అనుమానించాలి. ఆరుగురు చెప్పారంటే ఆ రెండు వైన్ల మధ్య తేడా నిజం, అలా ఊహతో జరిగే అవకాశం 2 శాతమే.

తర్వాత ఫ్యాను వేసి భోజనం పెట్టేయండి. కోడి వేపుడుకీ గుత్తివంకాయకీ ఈ వగరు ఎరుపులు అంత కలిసిరావు, కాస్త తీపి తగిలే తెల్ల వైన్, చెనిన్ బ్లాన్ ఒకటి చల్లగా ఉంచుకుంటే మేలు. మిగిలిన వైన్‌ని అసలు సీసాలోకే పోసి, బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజుల దాకా ఉంటుంది. రాసిన కాగితాల మీద తేదీ వేసి దాచండి, వచ్చేసారి ఒక నంబరుగా ఇవాళ్టి వైన్‌దే ఇంకో కొత్త సీసా కలపవచ్చు.